ముందు విశ్వాసమా, ముందు నీళ్లా: తెలుగు సంఘాల బాప్తిస్మ వివాదానికి నేపథ్యం

హైదరాబాద్‌లో రెండు క్రైస్తవ కుటుంబాలు పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నప్పుడు, చదువు, ఉద్యోగం, సొంత ఇల్లు అయ్యాక కొన్ని ఇళ్లలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: అమ్మాయి బాప్తిస్మం తీసుకుందా? సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబమైతే, పసితనంలోనే అయిందని, కాస్త ఎదిగాక నిర్ధారణ, అంటే తన విశ్వాసాన్ని తానే సంఘం ముందు ఒప్పుకునే సంస్కారం కూడా పొందిందని చెబుతారు. అవతలివారు పాత మిషన్ సంఘాలతో సంబంధం లేని స్వతంత్ర సహవాసానికి చెందినవారైతే, అది చిలకరింపే తప్ప బాప్తిస్మం కాదని, రక్షణ పొందానని సాక్ష్యం చెప్పి నీళ్లలో మునిగితేనే లెక్క అని, పెళ్లిలోగా మళ్లీ తీసుకోవాలని సున్నితంగానో కటువుగానో తెలియజేస్తారు. పేచీ అంతా ఆ 'మళ్లీ' అన్న మాట దగ్గరే ఉంది. ఒక ఇంటివారికి అది రెండోసారి, కనుక మొదటిదానికి అవమానం. ఇంకో ఇంటివారికి అదే మొదటిసారి.

రెండు వైపులవారూ చూపించేది ఒకే బైబిలును. మార్కు సువార్త 16వ అధ్యాయం 16వ వచనంలో 'నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును' అని ఉంది. కానీ ఆ వాక్యం రెండో సగం శిక్షను నమ్మనివానికే చెబుతుంది, బాప్తిస్మం పొందనివాని ఊసే ఎత్తదు. పైగా ఆ సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతులలో లేవు. పెంతెకొస్తు దినాన పేతురు పాపక్షమాపణ నిమిత్తం బాప్తిస్మం పొందమన్నాడు. అదే పేతురు రోమా సైన్యాధికారి కొర్నేలీ ఇంట్లో, ఇంకా నీళ్లు తాకనివారి మీదికే పరిశుద్ధాత్మ దిగిరావడం చూశాక, ఇక వీరికి నీళ్లు ఎవరు ఆటంకపరచగలరని అడిగి బాప్తిస్మం ఇప్పించాడు. యేసు పక్కన సిలువ మీద దొంగకు నీళ్లు దొరకలేదు, పరదైసు దొరికింది. ఫిలిప్పీ చెరసాల అధికారి నమ్మిన రాత్రే ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు, కానీ ఆ ఇంట్లో పసిపిల్లలున్నారో లేదో అపొస్తలుల కార్యములు చెప్పదు. ఆ ఒక్క మౌనం మీద ఎన్ని సంఘాలు లేచాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఆది సంఘంలో ఈ ప్రశ్న ఈ రూపంలో లేదు, ఎందుకంటే నమ్మడానికీ మునగడానికీ మధ్య దూరమే తక్కువ. తరం గడిచి, విశ్వాసుల ఇళ్లలో పిల్లలు పుట్టడం మొదలయ్యాక దూరం ఏర్పడింది. సుమారు 200 సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసి, క్రైస్తవ రచయిత తెర్తుల్లియను, పసివారికి తొందరపడి బాప్తిస్మం ఇవ్వవద్దని రాశాడు. వద్దని రాశాడంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. అరవై ఏళ్లు తిరగకముందే అదే నగరపు బిషప్పు సిప్రియను బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కరలేదన్నాడు. మరోవైపు, బాప్తిస్మం తరువాతి పాపాలకు క్షమాపణ కష్టమన్న భయంతో వాయిదా వేసేవారూ ఉండేవారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణశయ్య మీద తీసుకున్నాడు. ఐదో శతాబ్దంలో బిషప్పు అగస్టీను, పుట్టుకతో పాపం రాదన్న పెలాగియుతో జరిగిన వాదంలో, పుట్టుకతో వచ్చే పాపం నుంచి పసివాణ్ణి విడిపించేది బాప్తిస్మమేనని గట్టిగా నిలబడ్డాక, పశ్చిమ దేశాల సంఘంలో పసిపిల్లల బాప్తిస్మం వాడుక స్థాయి దాటి అత్యవసరమైంది. అయినా కథోలిక సంఘం నీళ్లను ఎన్నడూ తాళంచెవిగా మాత్రమే చూడలేదు. జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కథోలికుల మాట) కోరుతూ మరణించినవారి సంగతి అగస్టీను కాలంలోనే చర్చకు వచ్చింది. దేవుడు రక్షణను జ్ఞానస్నానంతో ముడివేశాడు గాని తాను మాత్రం తన సంస్కారాలకు కట్టుబడి లేడని 1992 నాటి కథోలిక ధర్మోపదేశ గ్రంథం చెబుతుంది.

అసలు చీలిక పదహారో శతాబ్దానిది. విశ్వాసం ద్వారానే రక్షణ అన్న జర్మన్ సంస్కర్త లూథరు పసిపిల్లల బాప్తిస్మాన్ని వదలలేదు. ఇంత పని చేసేది వట్టి నీళ్లు కావు, నీళ్లతో కూడిన దేవుని వాక్యమని, ఆ వాక్యాన్ని పట్టుకునే విశ్వాసమని 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో వివరించాడు. బాప్తిస్మం దేవుడు చేసే పని అయినప్పుడు, పుచ్చుకునేవాడు పసివాడైతే ఏమి, ముసలివాడైతే ఏమి అన్నది ఆయన వాదం. జూరిచ్‌లో కొందరు యువకులు దీన్ని తలకిందులు చేశారు. బాప్తిస్మం దేవుని పిలుపుకు మనిషి ఇచ్చే జవాబు అని, జవాబు చెప్పలేనివాడికి అది చెల్లదని అంటూ 1525 జనవరిలో ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. నగర సభ దాన్ని నేరంగా ప్రకటించింది. రెండేళ్లకు వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మట్ నదిలో ముంచి చంపింది. నీళ్ల గురించి వాదించినవాడికి నీళ్లనే శిక్షగా వేయడంలోని క్రూరమైన వెటకారం చరిత్రకారులు చెప్పనక్కరలేకుండానే కనబడుతుంది.

నా దృష్టిలో ఈ వివాదానికి ఇరుసు ఇదే. నీళ్లు వాటంతటవే రక్షిస్తాయని ఇందులో ఏ పక్షమూ అనలేదు. బాప్తిస్మం ఎవరి పని, దేవునిదా మనిషిదా అన్న దగ్గర దారులు చీలాయి; ముంచడం, చిలకరించడం, వయసు, ఇవన్నీ ఆ చీలికకు కొమ్మలు.

ఈ దారులన్నీ తెలుగు నేలకు వేర్వేరు ఓడల్లో వచ్చాయి. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చాడు. బందరులో 1841లో ఆంగ్లికన్లు, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు పని చేశారు. వీరిలో బాప్టిస్టులు తప్ప మిగతావారు పసిపిల్లలకూ బాప్తిస్మం ఇచ్చేవారు. ఒకరి ప్రాంతంలోకి ఒకరు పోకూడదన్న మిషన్ల ఒప్పందం వల్ల, ఒక కుటుంబానికి పిల్లల బాప్తిస్మం ఉందా లేదా అన్నది వారి ఊరు ఏ మిషన్ కిందికి వచ్చిందన్న దాని మీదే చాలావరకు ఆధారపడింది. పాలమూరు, శంషాబాద్ వైపు వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ వారైతే జూరిచ్ యువకులతో మొదలైన పదహారో శతాబ్దపు పునర్బాప్తిస్మవాదుల వారసులే. జూరిచ్‌లో మొదలైన తగాదా ఇక్కడి పొలిమేరకు చేరడానికి సుమారు మూడున్నర శతాబ్దాలు పట్టింది.

తెలుగువారి సొంత అధ్యాయం మాత్రం గుండ్లకమ్మ నది ఒడ్డున ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, మాదిగ పల్లెల వారికి కూలి కల్పించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు తీరేదాకా ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. తరువాత ద్వారం తెరిచినప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మారుతూ, ఒక్కరోజులో 2,222 మందికి ముంచుడు బాప్తిస్మం ఇచ్చారు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో ఒక్కనాడు మూడు వేలమందిని ముంచడం సాధ్యమా అని శంకించినవారికి బాప్టిస్టులు ఆ తరువాత చాలాకాలం గుండ్లకమ్మనే చూపించారు. అయితే నాకు ఆసక్తి కలిగించేది ఆ అంకె కన్నా అంతకు ముందరి ఆలస్యం. విశ్వాసమే ముందని చెప్పే మిషనరీ, ఆకలితో ఉన్నవాడి విశ్వాసాన్ని ఎలా కొలవాలో తెలియక, కాలాన్నే తూనికగా పెట్టుకున్నాడు. ఆ ఏడాదిలో బాప్తిస్మం లేకుండానే కరువుకు, కలరాకు బలైన విశ్వాసుల రక్షణ సంగతి ఏమిటని అడిగితే, రక్షణ విశ్వాసంతోనే అనే బాప్టిస్టు సిద్ధాంతంలో జవాబు తేలికే. కథోలికుడూ కోరిక ద్వారా జ్ఞానస్నానం అంటాడు. పేతురు పెంతెకొస్తు మాటను (అపొస్తలుల కార్యములు 2:38) అక్షరాలా పట్టుకుని, మునిగినప్పుడే పాపాలు పోతాయనే క్రీస్తు సంఘం వారికే అది ఇరుకున పెట్టే ప్రశ్న.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు ఒకటయ్యారు. బాప్టిస్టులు, తెలుగు లూథరన్లు బయటే ఉండిపోయారు. మూడేళ్లకు, 1950లో, సువార్తికుడు భక్త సింగ్ హైదరాబాద్ ముషీరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో హెబ్రోను అనే స్వతంత్ర సహవాస కేంద్రాన్ని నెలకొల్పాడు. సిక్కుగా పుట్టి 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందిన ఆయనకు పుట్టుకతో వచ్చే క్రైస్తవం అర్థం లేనిది. హెబ్రోను వార్షిక కూటాలకు వచ్చినవారిలో చాలామంది పాత మిషన్ సంఘాల బిడ్డలు. చిలకరింపు పొందినవారే మళ్లీ మునిగారు. ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి నగరానికి వచ్చినవారు పక్కపక్క వీధుల్లో స్థిరపడ్డాక, ఊళ్లో ఎదురుపడని ప్రశ్న ఇక్కడ ఇంటి గుమ్మంలో నిలబడింది.

మరో కొసన కాలగర సుబ్బారావు ఉన్నాడు. మునిపల్లెకు చెందిన ఈ అగ్రకులపు ఉపాధ్యాయుడు 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పి, రోగుల కోసం ప్రార్థిస్తూ వేలమందిని ఆకర్షించాడు గాని బాప్తిస్మాన్ని ఒప్పుకోలేదు. క్రీస్తును నమ్మడం వేరు, పాదిరీల మతంలో చేరడం వేరని, ఆ నీళ్లు రెండోదానికే పనికొస్తాయని ఆయన అభిప్రాయం. దీన్ని మత తత్త్వంగా చదివి సరిపెట్టుకోవడం కుదరదు, ఎందుకంటే మన దగ్గర బాప్తిస్మంతో కులం, బంధుత్వం, ఆస్తి అన్నీ కదులుతాయి. ఆయన వెంట ఉన్నవారికి ఆ మెట్టు దిగకుండా ఉండే వెసులుబాటు ఉంది. గుండ్లకమ్మలో మునిగినవారికి పోగొట్టుకోవడానికి అంత లేదు.

తరువాత చట్టం వారికీ పోగొట్టుకోదగ్గదాన్ని కల్పించింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను దాదాపు హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల్లో ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ వర్గం కిందికి వస్తారు. అందుకే నగరంలో, మనసారా నమ్మి, ఆదివారం ఆరాధనకు వచ్చి, బాప్తిస్మం రిజిస్టరులో మాత్రం పేరు రాయించుకోనివారు ఉన్నారు. వారి రక్షణ గురించి పాస్టర్లు వేదిక మీద ఒక మాట, గదిలో ఒక మాట చెబుతారన్నది అబద్ధమేమీ కాదు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకరి వ్యాజ్యంపై తీర్పు చెప్పింది. తాను హిందువునని, షెడ్యూల్డు కులపు ధ్రువపత్రం ఇవ్వాలని ఆమె కోరింది. ఆమె చర్చికి వెళుతూ ఉండడంతో పాటు, కొద్ది వారాల పసికందుగా ఉన్నప్పుడు పొందిన జ్ఞానస్నానాన్ని కూడా న్యాయస్థానం పరిగణనలోకి తీసుకుని విజ్ఞప్తిని తోసిపుచ్చింది. ఆ జ్ఞానస్నానం దేవుని పని అని కథోలిక గురువు అంటాడు, అసలు బాప్తిస్మమే కాదని హెబ్రోను పెద్ద అంటాడు. ధ్రువపత్రం అడిగిన చోట అది ఆమె మతానికి సాక్ష్యమైంది.