బెండ మొక్కకు ఆకలేసింది

విజయవాడ పటమటలో మా వీధి చివర ఒక ఖాళీ స్థలం ఉంది. స్థలం గలవాళ్లను అడిగి, నాలుగైదు ఇళ్ల వాళ్లం కలిసి అక్కడ కూరగాయలు వేశాం. నల్లరేగడి నేల. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరేసరికే వారం పట్టింది. వీధిలో ఊడ్చిన ఎండుటాకులన్నీ మట్టిలో కలిపేసి బెండ, గోంగూర విత్తాం. నెల తిరక్కుండానే మొక్కలు పాలిపోయి పసుపు తిరిగాయి. తెగులనుకున్నాం. తెగులు కాదు, ఆకలి.

ఎండుటాకులో కార్బన్ మెండు, నత్రజని బహు తక్కువ. ఆకును తినే సూక్ష్మజీవులకు ఒళ్లు పెంచుకోవాలంటే నత్రజని కావాలి. ఆకులో చాలకపోతే మట్టిలోది లాగేసుకుంటాయి. ఆకు చివికి, ఆ జీవులు చచ్చాక అదంతా మళ్లీ మట్టికే చేరుతుంది గానీ, అన్నాళ్లు బెండ మొక్క ఆగలేదు కదా!

అందుకే ఆకును ముందు కుప్పలో కుళ్లనివ్వాలి. కుప్పలో నత్రజని ఒక వంతు ఉంటే కార్బన్ 25 నుంచి 30 వంతులు ఉండాలి. వంటింటి లెక్కలో, నత్రజని ఎక్కువుండే కూరగాయల తొక్కులు ఒక బకెట్‌కు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు. గుప్పిట పట్టి పిండితే చేతికి తడి అంటాలి, నీళ్లు కారకూడదు. మూడో రోజు కుప్ప మధ్యలోకి చెయ్యి దూర్చి, చురుక్కుమంటే వెంటనే వెనక్కి లాక్కున్నాను. బాగా కుదిరిన కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి ఉంటుంది. కోట్లాది బ్యాక్టీరియా తిని, ఊపిరి పీలుస్తుంటే పుట్టే వేడి అది. చాలా కలుపు విత్తనాలు, రోగక్రిములు ఆ వేడికే చస్తాయి. వారానికోసారి తిరగేయకపోతే మాత్రం గాలాడక మురుగు కంపు కొడుతుంది. పక్కింటివాళ్లు ఓర్చుకోలేరు, వాళ్ల తప్పూ కాదు.

ఎరువు మాగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా నేల బీడుగా ఉండకూడదని అలసందలు చల్లాం. నలభై రోజులకు ఒక మొక్క పీకి చూస్తే వేళ్లనిండా ఆవగింజల్లాంటి, మిరియాల్లాంటి బుడిపెలు. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు! మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ అది. బుడిపెలో కాపురముండే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతుంది. ఆ పనిచేసే ఎంజైముకు ఆక్సిజన్ గిట్టదు. ఆ ఆక్సిజన్‌ను అదుపులో ఉంచేది ఈ ఎర్ర పదార్థమే. లోపల ఆకుపచ్చకు తిరిగిందంటే బుడిపె పని అయిపోయినట్టు. మీ పిల్లల చేత ఒక్కటైనా చిదిమించి చూపించండి.

రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లిస్తారు. ఏడాది పొడవునా నేలలో ఏదో ఒక పచ్చని వేరు ఉండాలన్నది వాళ్ల పట్టు. పొలానికి చెప్పిన ఆ మాట మా వీధి మడికీ సరిపోయింది.

అలసందను పూతలో కోసి అక్కడే పరిచాం. మాగిన ఎరువు జల్లెడ పట్టి మడికి వేసి, మళ్లీ బెండ పెట్టాం. జల్లెడ పడుతుంటే తొలివాన వాసన! స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ వాసన అది. ఈసారి ఆకులు ముదురాకుపచ్చగా, అరచేయంత వెడల్పున లేచాయి.