ప్లేగు నాటి చట్టం, కోవిడ్ నాటి డాక్టరు: ఐఎంఏ అడిగిందేమిటి, దక్కిందేమిటి

2020 ఏప్రిల్ 19, ఆదివారం రాత్రి. చెన్నైలో కోవిడ్‌తో చనిపోయిన ఒక న్యూరోసర్జన్ మృతదేహాన్ని కీల్పాక్ వైపు శ్మశానానికి తీసుకెళ్తే చుట్టుపక్కల జనం అడ్డం పడ్డారు. అంబులెన్స్‌ను అణ్ణానగర్ దగ్గరి వేలంగాడు శ్మశానానికి మళ్లించారు. అక్కడా గుంపు పోగైంది. రాళ్లు, కర్రలు పడ్డాయి. అంబులెన్స్ అద్దాలు పగిలాయి, డ్రైవర్లకు దెబ్బలు తగిలాయి, భార్యాపిల్లలు ఆఖరి చూపు కూడా సరిగా దక్కకుండా వెనుదిరిగారు. అర్ధరాత్రి దాటాక ఆయన స్నేహితుడు, ఆర్థోపెడిక్ సర్జన్, పీపీఈ కిట్ తొడుక్కుని అద్దాలు లేని అదే అంబులెన్స్‌ను తనే నడుపుకుంటూ తిరిగొచ్చాడు. పోలీసులు కాపలా ఉండగా, ఇద్దరు వార్డు బాయ్‌లతో కలిసి పారతో కొంత, చేతులతో కొంత మట్టి కప్పి మిత్రుణ్ని సాగనంపాడు.

అంతకు వారం ముందు అదే నగరంలో మన నెల్లూరు ఆర్థోపెడిక్ డాక్టరు ఒకాయన కోవిడ్‌తో పోతే, అంబత్తూరు శ్మశానవాటికలో దహనానికి ఒప్పుకోలేదు. ఏప్రిల్ 1న ఇండోర్‌లో స్క్రీనింగ్‌కు వెళ్లిన బృందాన్ని రాళ్లతో తరిమారు. అదే రోజు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో రోగి చనిపోయాడని బంధువులు డాక్టర్ల మీద చేయిచేసుకున్నారు. ఇవన్నీ జనం బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టిన మార్చి 22కూ, దీపాలు వెలిగించిన ఏప్రిల్ 5కూ అటూ ఇటూ రెండు మూడు వారాల్లోనే జరిగాయని గుర్తుపెట్టుకోవాలి.

వేలంగాడు ఘటన మర్నాడే డాక్టర్ల సంఘం ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) గొంతు మారింది. ఏప్రిల్ 22 రాత్రి 9 గంటలకు ప్రతి డాక్టరూ తెల్లకోటు వేసుకుని కొవ్వొత్తి వెలిగించాలని పిలుపిచ్చింది. దానికి 'వైట్ అలర్ట్' అని పేరు పెట్టింది. అప్పటికీ కేంద్రం చట్టం తేకపోతే 23న బ్లాక్ డే, నల్లబ్యాడ్జీలు. పదిహేడు రోజుల కింద జనం దీపాలు పెట్టారు, ఇప్పుడు డాక్టర్లు తమ కోసం తామే పెట్టుకోవాల్సిన పరిస్థితి. ఆ అవసరం పడలేదు. 22వ తేదీన హోంమంత్రి అమిత్ షా, ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ ఐఎంఏ నాయకులతో వీడియోలో మాట్లాడారు. కార్యక్రమం విరమించారు. అదే రోజు కేబినెట్ ఆర్డినెన్స్‌కు సరే అంది, రాష్ట్రపతి సంతకమూ అయిపోయింది.

ఏళ్ల తరబడి కదలని ఫైలు రెండు రోజుల్లో ఎలా కదిలింది? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు ఈ సంఘం సంగతి. చాలామంది ఐఎంఏ అంటే డాక్టర్లకు లైసెన్స్ ఇచ్చే సంస్థ అనుకుంటారు. కాదు. రిజిస్ట్రేషన్లు, కాలేజీల అనుమతులు చూసేది ఒకప్పుడు మెడికల్ కౌన్సిల్, 2020 సెప్టెంబర్ నుంచి నేషనల్ మెడికల్ కమిషన్. ఐఎంఏ స్వచ్ఛంద సంఘం. 1928లో కలకత్తాలో అఖిల భారత వైద్య మహాసభలో పుట్టింది, 1930లో ఇప్పటి పేరు పెట్టుకుంది. నీల్‌రతన్ సర్కార్, బి.సి.రాయ్, ఎం.ఎ.అన్సారీ లాంటి వాళ్లు తొలినాళ్లలో దాన్ని నడిపారు. వాళ్లంతా కాంగ్రెస్ రాజకీయాల్లోనో, ఆ చుట్టుపక్కలో ఉన్నవాళ్లే. మనం డాక్టర్స్ డే జరుపుకునే జులై 1 బి.సి.రాయ్ పుట్టినరోజు, పోయినరోజు కూడా అదే. ఇవాళ మూడున్నర లక్షలకు పైగా సభ్యులున్నారని సంఘం చెబుతుంది. సభ్యులంతా అల్లోపతి డాక్టర్లే. వారిలో జిల్లా కేంద్రంలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ ఉన్న సర్జన్ ఉంటాడు, కార్పొరేట్ ఆసుపత్రి కార్డియాలజిస్టు ఉంటాడు, మన వీధి చివర క్లినిక్ డాక్టరూ ఉంటాడు. ఈ ముగ్గురి కష్టాలూ ఒకటి కావు. కోవిడ్ కాలంలో సంఘం కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల నీళ్లు నములుతూ మాట్లాడటానికి నా లెక్కలో సగం కారణం అదే.

ఇక చట్టం. 1896లో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నాలుగంటే నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం ఏ నిబంధన అయినా పెట్టవచ్చు, కాదన్నవాడికి శిక్షాస్మృతి 188 కింద శిక్ష, మంచి ఉద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా చెల్లదు. అంతే. పుణేలో సైనికులు ఇళ్లలోకి దూరి సోదాలు చేసిన తీరుకు జనం రగిలిపోయారు. ఆ ఏడాది జూన్ 22 రాత్రి ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. జనం నుంచి అధికారిని కాపాడటానికి పుట్టిన చట్టం అది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడే డాక్టరు ప్రస్తావనే అందులో లేదు. 2020 మార్చిలో రాష్ట్రాలు కోవిడ్ కోసం తీసి దుమ్ము దులిపింది ఈ చట్టాన్నే.

డాక్టర్ల మీద దాడులకు విడిగా చట్టాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2008లో ఒకటి వచ్చింది, మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. ఇంకా చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయి. కాగితం మీద ఉన్నాయి. దాడి జరిగిన రాత్రి స్టేషన్‌కు వెళ్తే చాలాసార్లు ఎస్సైకి ఆ చట్టం పేరు చెప్పాల్సింది డాక్టరే. అందుకే ఐఎంఏ కేంద్ర చట్టం కావాలని పట్టుబడుతూ వచ్చింది. 2019 జూన్‌లో కలకత్తా ఎన్ఆర్ఎస్ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్‌ను తల పగిలేలా కొట్టాక, 17న దేశమంతా ఓపీలు మూతపడ్డాయి. ఆరోగ్య శాఖ ముసాయిదా బిల్లు తయారు చేసింది, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా అంది. హోంశాఖ ఒప్పుకోలేదు. శాంతిభద్రతలు రాష్ట్రాల పని, ఇవాళ డాక్టర్లకు చేస్తే రేపు లాయర్లు అడుగుతారు, పోలీసులు అడుగుతారు అన్నది వారి మాట. ఏడాది ముగిసేలోపే బిల్లు మూలపడింది.

నాలుగు నెలలు తిరక్కుండానే శ్మశానంలో రాళ్లు పడ్డాయి. అప్పుడు ప్రభుత్వం పట్టుకున్న దారి తెలివైనది. కొత్త చట్టం చేయకుండా పాత ప్లేగు చట్టానికే సవరణ చేసింది. దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్లు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. తీవ్రగాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు, లక్ష నుంచి 5 లక్షలు. బెయిల్ రాని కేసు. 30 రోజుల్లో దర్యాప్తు, ఏడాదిలో విచారణ. ఆస్తి నష్టానికి మార్కెట్ ధరకు రెట్టింపు కక్కించాలి. నర్సులు, ఆశాలు, పారామెడికల్ సిబ్బంది అందరూ దీని నీడలోకి వచ్చారు. సెప్టెంబర్‌లో పార్లమెంటు దీన్ని చట్టం చేసింది. మెలిక పేరులోనే ఉంది. ఇది అంటువ్యాధుల చట్టం, కాబట్టి వ్యాధి కమ్ముకున్నంత కాలమే దీని అండ. మామూలు రోజుల్లో రోడ్డు ప్రమాదం కేసులో క్యాజువాలిటీ డాక్టర్‌ను కొడితే పాత కథే.

గాంధీ ఆసుపత్రినే చూడండి. ఏప్రిల్ 1న దాడి. మే 3న వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి పూలు చల్లింది. జూన్ 9న మళ్లీ ఒక రోగి మరణం, మళ్లీ జూనియర్ డాక్టర్ మీద దాడి. కొత్త ఆర్డినెన్స్ అమల్లో ఉండగానే. ఈసారి జూడాలు రోడ్డు మీద బైఠాయించారు. కోవిడ్ రోగులందర్నీ ఒక్క గాంధీకే పంపకండి, మిగతా ఆసుపత్రులకూ పంచండి అన్నది వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. శిక్ష పెంచడం కన్నా ఇది అసలు విషయానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

చట్టం వచ్చాక ఐఎంఏ పోరు లెక్కల మీదికి మళ్లింది. చనిపోయిన డాక్టర్ల లెక్క. ఆగస్టు 8న ప్రధానికి రాసిన ఉత్తరంలో అప్పటికి 196 మంది పోయారని, వారిలో 170 మంది యాభై దాటినవాళ్లని, 40 శాతం దాకా జనరల్ ప్రాక్టీషనర్లని చెప్పింది. ఆశ్చర్యం లేదు. జ్వరమొస్తే మనం ముందు పరిగెత్తేది ఎవరి దగ్గరికి? ఒక గది, మధ్యలో పచ్చ కర్టెన్, బయట బెంచీ, చీటీ రాసే కాంపౌండరు. నోరు తెరిపించి టార్చి వేసి గొంతు చూసే పెద్దాయన దగ్గరికి. మూతికి ఒక సర్జికల్ మాస్కు, అంతే ఆయన కవచం.

సెప్టెంబర్‌లో పార్లమెంటు కూర్చుంది. కోవిడ్ మీద ఆరోగ్యమంత్రి సుదీర్ఘ ప్రకటన చేశారు, చనిపోయిన డాక్టర్ల ఊసు లేదు. ఆరోగ్యం రాష్ట్రాల అంశం కాబట్టి ఆ వివరాలు కేంద్రం దగ్గర ఉండవని సహాయమంత్రి జవాబిచ్చారు. ఆరోగ్యమంత్రి స్వయంగా ఈఎన్‌టీ డాక్టరు కావడంతో ఈ మౌనం సంఘానికి ఇంకా గుచ్చుకుంది. 16వ తేదీన ఐఎంఏ 382 మంది జాబితా బయటపెట్టింది. అందరికన్నా చిన్నవాడికి 27 ఏళ్లు, పెద్దాయనకు 85. తన మనుషులు ఎంతమంది పోయారో లెక్క పెట్టుకోని ప్రభుత్వానికి 1897 చట్టాన్ని అమలు చేసే నైతిక హక్కు లేదని సంఘం తన ప్రకటనలో తేల్చేసింది. చనిపోయినవారిని అమరులుగా గుర్తించమంది.

2021 ఫిబ్రవరిలో కేంద్రం లెక్క చెప్పింది: డాక్టర్లు 162, నర్సులు 107, ఆశాలు 44. ఐఎంఏ వెంటనే తన లెక్క పెట్టింది: 734 మంది డాక్టర్లు. ఇంత తేడా ఎందుకు? ఒక కారణం బీమాలో దొరుకుతుంది. 2020 మార్చి 30 నుంచి అమలైన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద కోవిడ్ విధుల్లో చనిపోయిన ఆరోగ్య సిబ్బంది కుటుంబానికి 50 లక్షలు. ప్రైవేటు డాక్టరైతే ప్రభుత్వం ఆయన్ను కోవిడ్ పనికి పిలిపించుకుని ఉండాలి. కర్టెన్ వెనక కూర్చున్న పెద్దాయన్ను ఎవరు పిలిచారు? ఐఎంఏ అందర్నీ లెక్కపెట్టింది, అంత విశాలంగా లెక్కపెట్టడం సర్కారుకు కుదరలేదు. అయితే ఐఎంఏ జాబితాలోనూ ఉన్నది డాక్టర్లే. అదే వార్డు తుడిచి, అదే శవాలు మోసి పోయిన పారిశుధ్య కార్మికుల పేర్లు రాసి పెట్టడానికి ఇంత పెద్ద సంఘం వారికి లేదు.

నవీ ముంబైలో ఇలాంటి కేసే కోర్టుకెక్కింది. క్లినిక్ తెరిచే ఉంచాలి, లేకుంటే సెక్షన్ 188 కింద కేసు పెడతామని 2020 మార్చి 31న మున్సిపల్ కార్పొరేషన్ నోటీసిచ్చింది. అదే పాత చట్టం, అదే 188. ఆ డాక్టరు తెరిచాడు, కోవిడ్ తగిలి జూన్‌లో పోయాడు. తెరిచి ఉంచమనడం వేరు, విధుల్లోకి తీసుకోవడం వేరు అంటూ 2021 మార్చిలో బొంబాయి హైకోర్టు భార్య పిటిషన్ కొట్టేసింది. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. ఆనాటి చట్టం, నిబంధనలు, నోటీసులు కలిపి చదివితే డాక్టర్లను ప్రభుత్వం పిలిచినట్టేనంది. అయినా కోవిడ్ పని చేస్తూనే చనిపోయాడని రుజువు చూపే బాధ్యత కుటుంబానిదే.

మిగతా పోట్లాటలు గబగబా చెప్పుకోవచ్చు. 2020 జులైలో సంఘం హాస్పిటల్ బోర్డు ఛైర్మన్ సామాజిక వ్యాప్తి మొదలైందన్నారు. మర్నాడే అది ఆయన సొంత మాటని ప్రధాన కార్యాలయం తప్పుకుంది. నీళ్లు నమలడం అంటే ఇదే. ఆయుర్వేద పీజీలకు 58 రకాల శస్త్రచికిత్సలు అనుమతించినందుకు డిసెంబర్ 11న మాత్రం ఓపీలు మూయించింది, ఎమర్జెన్సీ, కోవిడ్ సేవలు వదిలి. కోవిడ్ మందంటూ పతంజలి తెచ్చిన కొరోనిల్ విషయంలో రామ్‌దేవ్‌తో మొదలైన గొడవ 2022లో సుప్రీంకోర్టుకు చేరింది. 2024లో పతంజలి పేపర్లలో క్షమాపణ ప్రకటనలు వేసింది. తమాషా ఏమిటంటే, కోర్టు మాటల మీద ఇంటర్వ్యూలో వ్యాఖ్యానించినందుకు అప్పటి ఐఎంఏ అధ్యక్షుడు అశోకన్ కూడా అదే కోర్టుకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2020లో వైట్ అలర్ట్‌కు పిలుపిచ్చినప్పుడు ప్రధాన కార్యదర్శి ఆయనే.

ప్రైవేటు ఆసుపత్రుల బిల్లుల మీద మాత్రం ఆ గొంతు అంత లేవలేదు. తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లో రోజుకు వార్డుకు 4 వేలు, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌కు 9 వేలు అని రేటు కట్టింది. మందులు, కిట్లు అంటూ ఆ పైన ఎంత పడిందో ఆస్తులు తాకట్టు పెట్టిన కుటుంబాలనడిగితే చెబుతాయి.

రెండో వేవ్‌లో ఐఎంఏ జాబితా 2021 జూన్ చివరికి మరో 798 పేర్లకు చేరింది. ఢిల్లీలో 128, బిహార్‌లో 115. మే 17న పోయిన డాక్టర్ కె.కె.అగర్వాల్ ఒకప్పుడు ఈ సంఘానికే అధ్యక్షుడు.

2024 ఆగస్టులో కలకత్తా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాక, 17న ఐఎంఏ 24 గంటల సమ్మె చేసింది. ఈసారి డిమాండ్ చదివితే అంతా ఎరిగినదే: 2019లో మూలపడ్డ ముసాయిదాలో 2020 నాటి సవరణలు కలిపి కేంద్ర చట్టం చేయండి. దాడి జరిగిన ఆరు గంటల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టించే బాధ్యత ఆసుపత్రి పెద్దదేనని ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. రాష్ట్రాల చట్టాలు, భారతీయ న్యాయ సంహిత సరిపోతాయి, విడిగా కేంద్ర చట్టం అక్కర్లేదని ఆ టాస్క్‌ఫోర్స్ నవంబర్‌లో చెప్పింది.