ఎల్‌డీఎల్ రక్తంలో ఎందుకు నిలిచిపోతుంది: వందేళ్ల నేపథ్యం

ఎల్‌డీఎల్ అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువు; వాడుకలో ‘చెడు కొలెస్ట్రాల్’ అంటారు. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్కోవ్ అనే శాస్త్రవేత్త నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్‌ను కుందేళ్లకు పెడితే వాటి ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంది. ఎలుకల్లో, కుక్కల్లో అలా జరగకపోవడంతో చాలామంది ఆ ఫలితాన్ని పక్కన పెట్టేశారు.

కొలెస్ట్రాల్ నీటిలో కరగదు కాబట్టి రక్తంలో ప్రోటీన్ తొడిగిన రేణువులుగానే తిరుగుతుంది. 1950 నాటికి అమెరికాలో జాన్ గాఫ్‌మన్ బృందం అతివేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ యంత్రంతో ఈ రేణువులను సాంద్రతను బట్టి విడదీసింది. మిల్లీలీటరుకు 1.019 నుంచి 1.063 గ్రాముల మధ్య ఉన్నవి ఎల్‌డీఎల్. కాలేయం వదిలిన, ఇంకా తేలికైన వీఎల్‌డీఎల్ రేణువుల్లోని ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) కండరాలకు, కొవ్వు కణజాలానికి అందాక చివరకు మిగిలేది ఇదే. కణపొరలకూ హార్మోన్ల తయారీకీ కావలసిన కొలెస్ట్రాల్‌ను ఇది మోసుకెళ్తుంది.

అసలు మలుపు 1973-74లో డల్లాస్‌లో వచ్చింది. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న రోగుల చర్మకణాలను మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ పెంచి చూశారు. మామూలు కణాలకు ఎల్‌డీఎల్ అందిస్తే అవి సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోవడం తగ్గిస్తాయి. ఈ రోగుల కణాలు తగ్గించలేదు. ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకమే వాటికి లేదు! ఆరోగ్యంగా ఉన్న కణంలో గ్రాహకం ఎల్‌డీఎల్‌ను లోపలికి తీసుకెళ్లి, అక్కడ వదిలి, సుమారు 10 నిమిషాల్లో మళ్లీ పైకి వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపమున్న జన్యువు వస్తే పనిచేసే గ్రాహకాలు సగమవుతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ దాదాపు రెట్టింపవుతుంది. ఇద్దరి నుంచీ వస్తే చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. తిండిని మాత్రమే తప్పుపట్టడం ఎంత అసంపూర్ణమో ఇక్కడే తేలిపోయింది. బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

జపాన్‌లో అకిరా ఎండో బూజు నుంచి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లలో తొలిదాన్ని వేరుచేశారు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి లభించింది. స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటే, ఆ కొరత తీర్చుకోవడానికి కాలేయం మరిన్ని గ్రాహకాలను పైకి పంపుతుంది. రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గడానికి ముఖ్య కారణం అదే. పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ జన్యువులో 2003లో తెలిసిన మార్పులు మరో దారి చూపాయి: ఆ ప్రోటీన్ గ్రాహకాన్ని తిరిగి పైకి రానీయకుండా నాశనానికి పంపుతుంది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి.

ఇక రిపోర్టులోని అంకె సంగతి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కగడతారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ 220, హెచ్‌డీఎల్ (‘మంచి కొలెస్ట్రాల్’) 40, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే 220లోంచి 40, మళ్లీ 150లో ఐదో వంతైన 30 తీసేయాలి. మిగిలిన 150 ఎల్‌డీఎల్ (అన్నీ డెసిలీటరుకు మి.గ్రా.ల్లో). ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు నేరుగా కొలిచే పరీక్ష గానీ, ఈ రేణువులపై ఉండే అపో-బి ప్రోటీన్ పరీక్ష గానీ అడగాలి. ప్రతి ఎల్‌డీఎల్ రేణువుకీ, దాని ముందు రూపమైన వీఎల్‌డీఎల్‌కూ ఒక్కొక్క అపో-బి100 మాత్రమే ఉంటుంది కాబట్టి, ధమని గోడలోకి దూరగల రేణువులు ఎన్నో ఆ పరీక్షలో తెలుస్తుంది.