పలకల మధ్య సందు: కాలిఫోర్నియా కాంక్రీటు ఫ్రీవేలు ఎలా ముసలివయ్యాయి

1956లో అమెరికా ఫెడరల్ హైవే చట్టం వచ్చాక కాలిఫోర్నియా తన ఫ్రీవేలను చాలాచోట్ల కాంక్రీటుతో వేసింది. ఇరవై ఏళ్లు మన్నాలని డిజైన్ చేసిన రోడ్లవి. చాలా భాగం నలభై ఏళ్లు దాటినా బండ్లను మోస్తూనే వచ్చాయి. వాటి మరమ్మతు అంత కష్టం కావడానికి మూలం పలకకూ పలకకూ మధ్య ఉన్న జాయింటులో ఉంది.

కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. అడ్డదిడ్డంగా పగలకుండా ముందే అడ్డంగా కోత పెట్టి రోడ్డును పలకలుగా విడదీస్తారు; ఆ కోతే జాయింటు. ఆ కోత దగ్గర లారీ బరువును ఒక పలక నుంచి ఇంకో పలకకు అందించడానికి నున్నటి ఉక్కు కడ్డీలు, అంటే డోవెల్ బార్లు, వేయాలి. 1990ల చివరిదాకా కాలిఫోర్నియా వీటిని సాధారణంగా వేయలేదు. కింద సిమెంటు కలిపిన గట్టి పొర ఉంది, పగులులో కంకర అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అది చాలనుకున్నారు.

చాలలేదు. జాయింటులోంచి వాననీరు దిగింది. లారీ చక్రం అంచు దాటిన ప్రతిసారీ ఆ నీరు కింది పొరను కోసి, సన్నటి రేణువులను వెనక పలక, అంటే లారీ దాటి వచ్చిన పలక, కిందికి నెట్టింది. వెనకది లేచి, ముందుది కుంగి, మెట్టు తయారైంది. కార్ల వల్ల జరిగే నష్టం ఇందులో ఏపాటిదీ కాదు. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లవుతుందని 1958–60లో ఇల్లినాయి రాష్ట్రంలో అమెరికా రాష్ట్రాల హైవే అధికారుల సంఘం (ఆషో) జరిపిన రోడ్డు పరీక్ష అప్పటికే చూపింది.

1965లో శాన్ బెర్నార్డినో ఫ్రీవేపై 19 ఏళ్ల పాత కాంక్రీటును వజ్రపు బ్లేడ్లతో అరగదీశారు. మెట్టు పోయింది. కింద నీరు చేసే పని మాత్రం ఆగలేదు. పైగా ప్రతి అరగదీతా పలక మందాన్ని కొంత తింటుంది.

ఇక పలకలే మార్చాలి. కానీ ఈలోగా ట్రాఫిక్ ఎంతో పెరిగింది, రోడ్డు మూయడమే అన్నిటికన్నా ఖరీదైన పని అయింది. మామూలు కాంక్రీటు గట్టిపడేదాకా రోజుల తరబడి ఆగే వీలు లేదు. అందుకే 1999లో దక్షిణ కాలిఫోర్నియాలోని పొమోనా దగ్గర ఐ-10 (ఇంటర్‌స్టేట్-10) రహదారిపై త్వరగా గట్టిపడే సిమెంటు వాడారు. శుక్రవారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా, ఒక్క 55 గంటల మూసివేతలో 2.8 లేన్-కిలోమీటర్లు (ఒక్క లేను వెడల్పున 2.8 కిలోమీటర్ల పొడవు) కొత్తగా వేశారు. 

2004లో డెవోర్ దగ్గర ఐ-15పై ఇంకో అడుగు వేశారు. రాత్రిపూట మాత్రమే చేస్తే పది నెలలు పట్టే పనిని, ఒక్కో దిశను తొమ్మిదేసి రోజులు పూర్తిగా మూసి, రాత్రింబవళ్లు చేసి ముగించారు. కొత్త పలకల మధ్య డోవెల్ బార్లు వేశారు.