పాదాలు లెక్కలోకి రాని 28 కీళ్ల లెక్క

మా అప్పది చీపురుపల్లి దగ్గర పల్లె. ఉభాల్లో బురదలో నిలబడితే ముందు సలిపేది కాలివేళ్ల మొదళ్లే, చేతులు తర్వాత. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచి సలిపే జబ్బు) అని తేలి మందులు మొదలెట్టిన ఆర్నెల్లకి డాక్టరుగారు చేతులు, మోకాళ్లు నొక్కి చూసి, జబ్బు ఎంతుందో చెప్పే స్కోరు బాగుందమ్మా అన్నారు, అప్పేమో "ఏటి బాగు, అడుగెయ్యలేకపోతంటే" అంది. ఈ స్కోరేంటో అని అప్పట్నుంచీ చదువుతున్నా.

1949లో స్టైన్‌బ్రోకర్ అనే డాక్టరు పెట్టిన నాలుగు తరగతులంటే మామూలుగా తిరిగేవాళ్లు ఒకవైపు, మంచానపడ్డవాళ్లు ఇంకోవైపు. జబ్బు ముదిరాక పనికొస్తుంది గానీ మొదట్లో ఏం తేడా తెలుస్తుంది? 1968లో రిచీ కీళ్లు నొక్కి నొప్పికి 0 నుంచి 3 దాకా మార్కులేసే పద్ధతి తెచ్చారు, 1971లో షార్ప్ ఎక్స్‌రేలకి మార్కులేశారు, కానీ ఎముక అరిగినట్టు ఎక్స్‌రేలో కనబడేసరికి కాలం దాటిపోతుంది కదా. పనులు చేసుకోగలుగుతున్నావా అని పేషెంట్‌నే అడిగే హెచ్‌ఏక్యూ అనే ప్రశ్నల పత్రం 1980లో గానీ రాలేదు. మన దగ్గరికి 2002లో వచ్చిన ఇండియన్ హెచ్‌ఏక్యూలో బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా అని కూడా అడిగారు, అది నాకు నచ్చింది.

అసలు గొడవేంటంటే మందుల్ని పరీక్షించే ట్రయల్స్‌లో ఏ ట్రయల్‌కి ఆ కొలత. ఒకరు వాపు చూస్తే ఇంకొకరు పిడికిలి బలం, మరి ఏ మందు మెరుగో పోల్చేదెలా? అందుకే అందరికీ ఒకే కొలతలు ఉండాలని కీళ్ల డాక్టర్లు 1992లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఒమెరాక్ట్ పేరుతో కూర్చున్నారు, 1995కి అమెరికా కీళ్ల డాక్టర్ల సంఘం వాళ్ల ఏసీఆర్20 వచ్చింది, అంటే నొప్పి కీళ్లు, వాపు కీళ్లు రెండూ 20 శాతం తగ్గాలి, మిగతా అయిదు కొలతల్లో (పేషెంట్ చెప్పే నొప్పి, రక్తపరీక్ష లాంటివి) మూడైనా అంతే తగ్గాలి. ఇరవై శాతమేనా అని నాకూ అనిపించింది, మందు పనిచేస్తోందా లేదా తేల్చడానికి చాలు గానీ మనిషికి చాలదు.

ఇంకోపక్క 1990లో నెదర్లాండ్స్‌లో పుట్టిన, జబ్బు ఎంత చురుగ్గా ఉందో కొలిచే డాస్ స్కోరులో వాపు చూడ్డానికి 44 కీళ్లు, పాదాలూ ఉన్నాయి. 1995లో దాన్నే 28కి కుదించారు: భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్లు, మోకాళ్లు. త్వరగా అయిపోతుందని అందరూ దీన్నే పట్టుకున్నారు, పాదాలు పోయాయి. గమ్మత్తేంటంటే 2004లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జరిగిన టికోరా ట్రయల్ నెలనెలా స్కోరు చూసి మందు పెంచుతూ 65 శాతం మందికి జబ్బు అణిచింది, మామూలు వైద్యంలో 16 శాతమే, అందులో వాడింది మాత్రం పాత డాసే.

2011 నాటి రెమిషన్ (జబ్బు అణిగిపోవడం) నిర్వచనంలో పాదాలు, చీలమండలు కూడా చూడమని సలహా రాశారు. పోయిన నెల అప్ప లోపలికి వెళ్తూనే చెప్పులిప్పి కాలు స్టూలు మీద పెట్టింది, "ముందు ఇది సూడండి బాబూ" అని.