డేటా చట్టం: వ్యాపారుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖపట్నంలోని చిన్న, మధ్యతరహా వ్యాపార సంస్థలకు సమాచార భద్రతపై సలహాలివ్వడం నా వృత్తి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద 2025 నవంబరులో నియమాలు వెలువడినప్పటి నుంచి, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల యజమానులు మొదలుకొని ఆటోనగర్ వర్క్‌షాపుల వారి వరకు అందరూ ముందుగా అడుగుతున్నది 250 కోట్ల రూపాయల జరిమానా గురించే. తమ కంప్యూటర్లలో, ఫోన్లలో ఎవరెవరి వివరాలు ఎన్నేళ్లుగా పడి ఉన్నాయని నేను తిరిగి అడిగితే మాత్రం చాలామంది వెంటనే జవాబు చెప్పలేకపోతున్నారు. నన్ను కలవరపెడుతున్నది ఆ రెండో విషయమే.

అపోహ: ఇది పెద్ద కంపెనీల కోసం చేసిన చట్టం, మన దాకా రాదు.

2023 నాటి చట్టంలో ఇంత టర్నోవరు దాటితేనే వర్తిస్తుందన్న పరిమితి ఏదీ లేదు. కాగితం రిజిస్టరులో మాత్రమే ఉన్న వివరాలు దీని పరిధిలోకి రావన్నది నిజమే. అయితే ఎంవీపీ కాలనీలో హాస్టల్ నడిపేవారు, కొత్తగా చేరిన విద్యార్థి ఆధార్ కార్డును ఫోనుతో ఫొటో తీసి మేనేజరుకు వాట్సాప్ చేస్తే, ఆ సమాచారం డిజిటల్ రూపంలోకి మారి చట్టం కిందకు వచ్చేస్తుంది. ఆ విద్యార్థికి 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల సమ్మతిని ధ్రువీకరించుకొని తీసుకోవలసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం కొన్ని స్టార్టప్‌లకు కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ప్రకటించవచ్చు గానీ, సమాచారాన్ని భద్రంగా ఉంచవలసిన బాధ్యత ఆ మినహాయింపుల జాబితాలో లేదు.

రుషికొండ, మధురవాడల్లో విదేశీ సంస్థల పని చేసిపెట్టే కంపెనీలది మరో రకం ధీమా. భారతదేశంలో లేని వ్యక్తుల వివరాలను విదేశీ సంస్థతో ఒప్పందం మేరకు ఇక్కడ ప్రాసెస్ చేసేవారికి చట్టం చాలా నిబంధనల నుంచి వెసులుబాటు ఇచ్చింది. అయినా భద్రతా చర్యలు తీసుకోవలసిన నిబంధన వారికీ వర్తిస్తుంది. పైగా వారి సొంత ఉద్యోగుల వివరాలకు ఈ వెసులుబాటు లేనే లేదు.

అపోహ: 2027 దాకా సమయం ఉంది, అప్పుడు చూసుకోవచ్చు. ఈలోగా దాడి జరిగినా బయటకు చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. నియమాల్లోని ప్రధాన బాధ్యతలు ప్రకటన వెలువడిన 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలులోకి వస్తాయన్న మాట వాస్తవం. కానీ జాతీయ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు ఆ ఏడాది నుంచే అమలులో ఉన్నాయి. వాటిలో పేర్కొన్న రకాల సైబర్ ఘటన ఏది జరిగినా, దాన్ని గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే వాటిలో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను, 180 రోజుల పాటు దాచి ఉంచాలి.

నేను చూసిన ఒక డయాగ్నస్టిక్ సెంటరులో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే హానికర సాఫ్ట్‌వేర్) సోకి రోగుల రిపోర్టులన్నీ తెరుచుకోకుండా పోయాయి. నన్ను పిలిచేసరికి నాలుగు రోజులు గడిచాయి. అప్పటికే కంప్యూటర్ల మరమ్మతు చేసే కుర్రాడు మంచి ఉద్దేశంతోనే అన్నిటినీ ఫార్మాట్ చేసేశాడు. దాడి ఏ దారిన వచ్చిందో, ఎవరి వివరాలు బయటకు పోయాయో చెప్పగలిగిన ఆధారాలు దానితోనే చెరిగిపోయాయి. కొత్త నియమాలు అమలులోకి వచ్చాక అలాంటి సంస్థ బాధితులందరికీ, ఈ చట్టం ఉల్లంఘనలను విచారించే డేటా పరిరక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా తెలియజేయాలి. బోర్డుకు పూర్తి వివరాలను 72 గంటల్లోగా అందించాలి. లాగ్‌లే మిగలని చోట ఆ వివరాలు ఎవరు రాసివ్వగలరు? అందుకే దాడి జరిగిన యంత్రాన్ని నెట్‌వర్కు నుంచి విడదీయండి గానీ, నిపుణులు చూసేదాకా ఫార్మాట్ మాత్రం చేయనివ్వకండి.

అపోహ: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారే బాధ్యులు.

కాదు. సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థే బాధ్యత వహించాలని, ఒప్పందంలో ఏం రాసుకున్నా అది మారదని చట్టం స్పష్టంగా చెబుతోంది.

అపోహ: కస్టమరు నంబరు ఇచ్చాడంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే.

మందుల దుకాణంలో బిల్లును ఫోనుకు పంపమని నంబరు ఇచ్చిన వ్యక్తికి ఆ బిల్లు పంపడానికి విడిగా సమ్మతి పత్రం అక్కరలేదు. అదే నంబరుకు సంక్రాంతి ఆఫర్లు పంపాలంటే మాత్రం అది వేరే ప్రయోజనం, దానికి వేరే సమ్మతి కావాలి. సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం కల్పించాలి కనుక, తెలుగు నోటీసును ఇప్పుడే శ్రద్ధగా రాయించుకోమని నా దగ్గరకు వచ్చేవారందరికీ చెబుతున్నాను.

అపోహ: చిన్న పొరపాటు జరిగినా 250 కోట్లు కట్టాలి.

భద్రతా చర్యలు తీసుకోవడంలో విఫలమైతే విధించగల గరిష్ఠ మొత్తం అది. తప్పు ఎంత తీవ్రమైనది, ఎంతకాలం సాగింది, మళ్లీ మళ్లీ జరిగిందా, నష్టాన్ని తగ్గించడానికి సంస్థ ఏం చేసింది అన్నవి చూసిన తర్వాతే బోర్డు మొత్తాన్ని నిర్ణయిస్తుంది. ఆ సొమ్ము భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, నష్టపోయిన వ్యక్తికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు. సమాచార సాంకేతిక చట్టంలో పరిహారానికి ఆధారంగా ఉన్న 43ఏ సెక్షనును కూడా కొత్త చట్టం తొలగిస్తోంది. రిపోర్టు బయటపడి పెళ్లి సంబంధమో, ఉద్యోగమో పోగొట్టుకున్న రోగికి ఈ చట్టం ఫిర్యాదు చేసుకునే హక్కునే మిగిల్చింది. వ్యాపారుల పక్షాన పనిచేసే వ్యక్తినే అయినా, ఆ ఒక్క నిబంధనను పార్లమెంటు మళ్లీ పరిశీలించాలని నేను బలంగా కోరుకుంటున్నాను.