పాత ట్రాక్టర్ మాన్యువళ్లు దాచుకోవడం: అపోహలు - వాస్తవాలు

పాత ట్రాక్టర్లు విప్పి బిగించడమే నా పని. బండి బాగానే ఉండి దాని పుస్తకం పాడైపోవడం చాలాసార్లు చూశాను. పాడుచేసింది ఎప్పుడూ ఎలుకలో చెదలో అనుకోకండి, కాపాడదామని చూసినవాళ్లే చాలాసార్లు చెడగొడతారు. అందులో నేనూ ఉన్నాను.

అపోహ: లామినేషన్ చేయిస్తే ఇక ఢోకా లేదు.

వాస్తవం: వేడి చేసి అంటించిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, ఊడితే కాగితాన్ని కూడా పట్టుకొస్తుంది. పైగా ఆ చవక కాగితంలోనే ఆమ్లం ఉంటుంది, ప్లాస్టిక్ లోపల కూడా అది కాగితాన్ని తింటూనే ఉంటుంది. నేనొక వైరింగ్ బొమ్మను ఇలాగే చేయించాను. మడత దగ్గర ప్లాస్టిక్ పగిలింది, ఆ చీలికలోంచి నీళ్లు దిగి సరిగ్గా డైనమో దగ్గర వైర్ల రంగులు రాసిన చోటే అలుక్కుపోయింది, తెరిచి ఆరబెడదామన్నా వీల్లేదు. పాలిస్టర్ కవర్లో (బట్ట కాదు, గట్టిగా ఉండే పారదర్శక ప్లాస్టిక్) ఒక పక్క తెరిచి ఉంచి పెట్టండి. మెత్తగా సాగుతూ వాసన కొట్టే పీవీసీ కవర్లు మాత్రం వద్దు, కొన్నాళ్లకు జిరాక్స్ అక్షరాలు కవరుకు అంటుకుపోతాయి.

అపోహ: మోడల్ పేరు కలిస్తే ఆ పుస్తకం మన బండిదే.

వాస్తవం: అసలు నష్టమంతా ఇక్కడే. మాసీ ఫెర్గూసన్ 35 డీజిల్ చూడండి, మొదట్లో దానికి స్టాండర్డ్ కంపెనీ వారి నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉండేది, 1959 చివర్లో పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్ వచ్చింది, బానెట్ మీద మాత్రం అదే 35. ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్లో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మొదట ఇంజన్ ముందు ఉండేది, 1950లో పక్కకు మారింది. అందుకే మాన్యువళ్లను కంపెనీ పేరుతో వరస పెట్టి వదిలేయకుండా, ఏ సీరియల్ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా వర్తిస్తుందో కవరు మీద రాయండి. డ్రైవర్ పుస్తకమా, వర్క్‌షాప్ మాన్యువలా, పార్ట్స్ కేటలాగా అన్నదీ రాయండి. కేటలాగ్‌లో వాషర్ ఏ వరసలో పడాలో బొమ్మ దొరుకుతుంది, ఎంత బిగించాలో సాధారణంగా ఉండదు.

బిగింపు అంటే గుర్తొచ్చింది. పాత పుస్తకాల్లో టార్క్, అంటే బోల్టు ఎంత బలంగా తిప్పి బిగించాలన్న లెక్క, చాలావరకు పౌండ్-అడుగుల్లో ఉంటుంది. 60 అని చూసి రెంచ్ మీద 60 న్యూటన్ మీటర్లు పెట్టారో, ఇంజన్ హెడ్ వదులుగానే ఉంటుంది, కావలసింది సుమారు 81. నేను మార్చిన అంకెలు ఒక చీటీ మీద రాసి ఆ పేజీలో పెడతాను, పుస్తకం మీద పెన్ను పెట్టను.

అపోహ: ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయిగా, చాలు.

వాస్తవం: ఫొటోలో పేజీ అంచులు వంగిపోతాయి, షిమ్ (సందు సరిచేసే పలచటి రేకు) మందం దగ్గర 3 ఉందో 8 ఉందో తెలియదు. మామూలు పేజీలు 300 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు), వైరింగ్ బొమ్మలు 600లో, అదీ రంగుల్లో స్కాన్ చేయండి. ఫైలు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో. షెడ్డులోకి ప్రింటే వెళ్తుంది, దానికి గ్రీజు అంటినా టెన్షన్ లేదు.

అపోహ: నాఫ్తలీన్ గోళీలు వేస్తే బూజు పట్టదు.

వాస్తవం: గోళీలు పురుగులకు, బూజుకు కాదు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, పెట్టెను నేలకూ బయటి గోడకూ ఆనించకండి.

అపోహ: తడిసిన పుస్తకాన్ని ఎండలో పరిస్తే సరి.

వాస్తవం: నున్నటి పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఎండాక అట్టలా అవుతాయి, తర్వాత విడదీస్తే చిరుగుతాయి. పేజీల మధ్య పీల్చుడు కాగితం పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టండి, కాగితాలు మారుస్తూ ఉండండి. రెండు రోజుల్లోపు ఆ పని చేయలేమనిపిస్తే సంచిలో చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, బూజు ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు మాత్రం ముందే చెప్పండి.